ఇంటికో గంప మట్టి

నా చిన్నప్పుడు ఒక పూట నేను కోర్టు బంట్రోతునయ్యాను. నవ్వకండి. మా నాన్నగారి కండువా తలకి చుట్టుకుని, మా అమ్మ పాత చీర ఎర్రంచు భుజం మీదుగా అడ్డంగా కట్టుకుని, కొల్లేటి మధ్యన ఒక లంకలో, బడి పాక అరుగు మీద నిలబడి, ఊరంతా వినేలా ఒక మనిషిని పిలిచాను. ఇప్పటి నా గొంతు విన్నవాళ్ళు నమ్మరు గాని, ఆ కేకకి రేవులో బాతులు లేచిపోయాయి. ఎనభై దాటాక కూడా ఆ పూట నాకు పూసగుచ్చినట్టు గుర్తుంది.

మా నాన్నగారు ఆ లంకలో మిషను బడి పంతులు. ఎండాకాలంలో చూస్తే మాది మామూలు ఊరే. చుట్టూ బీటలు తీసిన నేల, ఎక్కడో దూరాన నీటి మెరుపు. శ్రావణం వచ్చిందంటే మాత్రం ఏరులన్నీ ఒక్కసారి కొల్లేటి మీద పడేవి. తాటిమాను తొలిచి చేసిన దోనె లేనిదే పక్క లంకకి పోవడం కుదిరేది కాదు. అందుకని ఇళ్ళన్నీ నడిమధ్య మెరక మీదే, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉండేవి. మాకు మెరక నేలంటే బంగారంతో సమానం.

ఆ మెరక మీద కొత్త ఇల్లు లేవాలంటే ఒక పద్ధతి ఉండేది. ముందుగా ఊళ్ళో ప్రతి ఇంటినుంచీ ఒక గంప ఒండ్రుమట్టి తెచ్చి అక్కడ పొయ్యాలి. ఆ మట్టితోనే ఇంటి దిబ్బ లేస్తుంది. మట్టి పోశారంటే, ఇక వీళ్ళు మనవాళ్ళని ఆ ఇల్లు ఒప్పుకున్నట్టు. ఒక్క ఇంటి గంప రాకపోయినా అక్కడ గుంజ పాతడానికి వీల్లేదు. గంప మోసుకొచ్చింది యజమానా, ముసలమ్మా, చిన్నపిల్లా అని ఎవరూ చూసేవారు కాదు. మట్టి ఇంటిది, అంతే. మాకైతే అడక్కుండానే పోశారట, ఊరికి పంతులు కావాలి కదా!

నా జతగత్తె వాళ్ళకి మాత్రం పొయ్యలేదు. వాళ్ళది సాయిబుల కుటుంబం. తుంగ కోసుకుని చాపలు అల్లుకుందామని ఏలూరు నుంచి వచ్చి, రేవు పక్క పల్లంలో పాక వేసుకుని, అక్కడే ఉండిపోయారు. ఆ పిల్ల మా లంకలోనే పుట్టింది. వాళ్ళ నాన్నని నేను చాపల బాబాయి అనేదాన్ని. ఊళ్ళో ఆయన అల్లిన చాప లేని ఇల్లు లేదు. పెళ్ళికీ ఆయన చాపే, పురిటికీ ఆయన చాపే. ఏటా వరదకి వాళ్ళ పాక మునిగేది, వాళ్ళు బడి అరుగెక్కేవారు. ఆ కిందటేడు మాత్రం పాక పాకే కొట్టుకుపోయింది. చంటివాణ్ణి నెత్తిమీద పెట్టుకుని వాళ్ళమ్మ మెడలోతు నీళ్ళలో నడిచి వచ్చింది. ఆ తరువాతే చాపల బాబాయి మెరక మీద ఇంత చోటు అడిగాడు.

ఊరి మునసబుగారు కుదరదన్నారు. ఆయన చెడ్డమనిషేం కాదు. పొడుగాటి మీసం, చిన్న కోపం, పెద్ద మర్యాద. "మంచోడేనండీ పంతులుగారూ, కాదన్ను. కానీ ఊరోడు కాడు గదా. ఇయ్యాళ మెరకిస్తే రేపు చేపల్లో వాటా అడుగుతాడు. రేపు మా పిల్లలికి పెళ్ళిళ్ళయితే ఇళ్ళెక్కడ కట్టుకుంటారండీ?" అని మా నాన్నగారితో అన్నారు. మునసబుగారి గంప రాదని తెలిశాక మిగతావాళ్ళూ గంపలు బోర్లించుకుని కూర్చున్నారు. మా నాన్నగారు నోరు విప్పలేదు. బడి మంచిచెడ్డలన్నీ మునసబుగారి చేతుల మీదే నడిచేవి మరి.

ఇక లాభం లేదని చాపల బాబాయి వెళ్ళిపోవడానికే సిద్ధపడ్డాడు. నెలకోసారి ఏలూరు నుంచి మిషను దొరసానిగారు మందులపెట్టెతో పడవలో వచ్చేవారు. ఈసారి వచ్చినప్పుడు ఆ పడవలోనే తమని తీసుకుపొమ్మని కబురు పంపాడు. ఆ రోజు రానే వచ్చింది. పొద్దున్నే నా జతగత్తె నాకు ఇష్టమైన రంగు తుంగతో అల్లిన బొమ్మచాప తెచ్చి నా చేతిలో పెట్టి పారిపోయింది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఎవరినైనా కొరకాలనిపించింది.

దొరసానిగారు అమెరికా ఆవిడ. జుట్టంతా తెల్లగా పత్తిలా ఉండేది. మన దేశం వచ్చి ఎన్నో ఏళ్ళయింది కనుక తెలుగు బాగా వచ్చు. కాకపోతే ఎప్పుడూ ప్రసంగం చెబుతున్నట్టే మాట్లాడేవారు. ఆవిడ వచ్చారంటే కంట్లో చుక్కలకీ, జ్వరం గోళీలకీ ఊరంతా బడి ముందు చేరేది. ఆ రోజూ చేరింది. మునసబుగారు బల్ల మీద కూర్చున్నారు. వాళ్ళమ్మగారు, ఊరంతటికీ మామ్మ, కంటి చుక్కల కోసం అరుగు అంచున చేరగిలబడ్డారు. ఆడవాళ్ళందరూ పిల్లల్ని చంకనేసుకుని నిలబడ్డారు.

నేను అందరినీ తోసుకుంటూ వెళ్ళి దొరసానిగారి కుర్చీ ముందు నిలబడ్డాను. "అమ్మగారూ, ఒక ఊరివాళ్ళు కానివాళ్ళు ఆ ఊరివాళ్ళు అవాలంటే ఏం చెయ్యాలండీ?" అని అడిగేశాను. మా అమ్మ నోరు నొక్కుకుంది. దొరసానిగారు నన్ను చూశారు, రేవు దగ్గర కట్టిపెట్టిన మూటల్ని చూశారు, అటుపైన మునసబుగారిని చూశారు. తెరిచిన మందులపెట్టెని మళ్ళీ మూసేశారు. "మందులు తరువాత. ముందు మా నాన్న కథ వినండి" అన్నారు.

వాళ్ళ నాన్న అమెరికాలో పుట్టినవాడు కాదట! మేం తెల్లబోయాం. స్వీడను అనే చలిదేశం నుంచి ఓడలో వచ్చాడట. ఒట్టి అడవిగడ్డి నేలని దున్ని పొలం చేశాడట. అయిదేళ్ళు కాపురమున్నాక ఆ పొలం సొంతమవుతుంది, కానీ అందుకు ఆయన అమెరికావాడై ఉండాలి. అమెరికావాణ్ణి చేసేది ఎవరనుకున్నారు? పెద్ద పట్నంలో గవర్నరుగారు కాదు. పక్క ఊళ్ళో చిన్న కోర్టు. ధాన్యం కొట్టు మీద మేడగది, మధ్యలో కుంపటి, బల్ల వెనక జడ్జీ. ఆయన గుర్రమెక్కి ఊరూరూ తిరుగుతూ ఏడాదిలో రెండు మూడుసార్లు మాత్రమే వచ్చేవాడట. మీవాణ్ణి కాదలచుకున్నానని అంతకు రెండేళ్ళ ముందే అక్కడ చెప్పుకుని ఉండాలట. ఆ రోజు వీళ్ళకంటే ముందు పంది దొంగతనం కేసు నడిచిందని, సాక్షిగా పందిని కూడా తెచ్చారని చెప్పేసరికి మేం పొట్టలు పట్టుకున్నాం.

తరువాత వాళ్ళ నాన్నని పిలిచారట. ఇతను ఇక్కడ అయిదేళ్ళుగా ఉంటున్నాడని, మంచివాడని చెప్పడానికి ఇద్దరు సాక్షులు కావాలి. ఒకడు కొట్టువాడు, వచ్చాడు. రెండోవాడు కమ్మరి, ఎంతకీ రాడు! జడ్జీ గుర్రం సిద్ధంగా ఉంది. ఆయన లేచి వెళ్ళిపోతే మళ్ళీ ఎన్ని నెలలకో. చిన్నపిల్లగా ఉన్న మన దొరసానిగారు మెట్లన్నీ దూకి మంచులో పరిగెత్తి, కొలిమి దగ్గర గుర్రానికి నాడా కొడుతున్న కమ్మరిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చిందట. మసి చేతుల్తోనే ఆయన కుడిచెయ్యెత్తి సాక్ష్యం చెప్పాడు. తమాషా ఏమిటంటే ఆ కమ్మరీ ఐర్లండు నుంచి వచ్చినవాడే, అంతకుముందు ఏడాదే అదే గదిలో అమెరికావాడయ్యాడు. నిన్నటిదాకా పైవాడు, ఇవాళ సాక్షి! చివరికి వాళ్ళ నాన్న బైబిలు మీద చెయ్యి పెట్టి, తన పాత దేశపు రాజుని వదులుకుంటున్నానని, ఇకనుంచి ఈ నేల వాణ్ణని ప్రమాణం చేశాడు. ఆ మాటలు తప్పు పోకూడదని ఎన్నో రోజులు ఆవు పాలు పితుకుతూ వల్లెవేశాడట.

అప్పుడు మామ్మ ఒక్క ప్రశ్న అడిగింది. "మరి మీ అమ్మనేం అడిగారండీ?"

దొరసానిగారు మామ్మ వైపు తిరిగారు. "ఏమీ అడగలేదండి. భర్త ఏ దేశం వాడైతే భార్యదీ అదే దేశం అన్నారు. ఆవిడ చంటిపిల్లతో వెనక బల్ల మీద కూర్చుని ఉంది. బయటికి వచ్చాక 'నేనూ అయిపోయానా?' అని మా నాన్నని అడిగింది. అయిపోయావట అన్నాడు. ఇంటికి వచ్చేదాకా ఆవిడ ఇంకేం మాట్లాడలేదు" అన్నారు.

మామ్మ "ఊఁ" అంది. ఆ ఊఁ నాకు అప్పుడు అర్థం కాలేదు.

"ఆ కోర్టు ఎలా ఉండేదో చూపించనా?" అన్నారు దొరసానిగారు. అడగాలా! బడి అరుగు మేడగది అయిపోయింది. ఆవిడే జడ్జీ. నేను బంట్రోతుని, ఎందుకంటే ఏలూరు కోర్టులో బంట్రోతు మూడుసార్లు పిలుస్తాడని మా నాన్నగారి దగ్గర విన్నది నేనొక్కతెనే. పెద్దవాళ్ళు కూడా నవ్వుతూ దగ్గరకి జరిగారు. మరి ఊరివాడు కావాలనుకునే మనిషి ఎవరు? పిల్లలందరం ఒక్కసారే రేవు వైపు తిరిగాం. ఇక నేను ఆగలేదు. చాపల బాబాయి అసలు పేరు పెట్టి, ఇంటిపేరుతో సహా, గొంతు చించుకుని మూడుసార్లు "హాజర్!" అని అరిచాను.

ఆయన ఏమైందోనని కట్టిన మూట వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. సంగతి తెలిసి నవ్వి, నడుముకి కట్టిన తుండు విప్పి దులుపుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వెనకే వాళ్ళావిడా, నా జతగత్తే వచ్చి గుంజ చాటున నిలబడ్డారు. ఇక్కడికి వచ్చి ఎన్నేళ్ళయిందని జడ్జీగారు అడిగారు. మా పిల్ల వయసంతేనండి అన్నాడాయన. ఏ రాజుని వదులుకుంటావని అడిగారు. "మాకెవరున్నారండీ రాజులు?" అని ఆయన తల గోక్కుంటుంటే, మా తరగతి పిల్లాడొకడు లేచి, "మన రాజుగార్నే వదిలేద్దావండీ! ఆయనా సముద్రం అవతలే గదండీ!" అనేశాడు. ఇంగ్లండు రాజు ఏలుబడి రోజులవి. మునసబుగారి మీసం నిక్కబొడుచుకుంది. మా నాన్నగారికి దగ్గు తెర తగులుకుంది. ఈ కోర్టులో రాజుల ప్రశ్న లేదు అని దొరసానిగారు గబగబా దాటేశారు. జనం విరగబడి నవ్వారు.

ఇక ప్రమాణం. ఏం పెట్టి చేయించాలని మేమంతా తగవులాడుకుని, చివరికి చెంబుతో కొల్లేటి నీళ్ళు తెచ్చి ఆయన ముందు పెట్టాం. ఆయన చెంబు ముట్టుకోలేదు. ముఖంలో నవ్వు పోయింది.

"అమ్మగారూ, ఆటకి ఒట్టెయ్యలేనండి. నోటంట వచ్చాక అది అన్నట్టే గదండీ. నిజంగా అడిగితే చేస్తానండి, ఆయ్" అన్నాడు.

దొరసానిగారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "నిజంగానే అడుగుతున్నాను. ఇతనికి సాక్షులెవరు?" అన్నారు.

పిల్లలందరం చేతులెత్తాం. పిల్లల సాక్ష్యం చెల్లదన్నారు. పెద్దవాళ్ళు మునసబుగారి వంక చూశారు. మునసబుగారు లేచి నిలబడ్డారు. "తవరు పెద్దోరు, మీ దేశం సంగతి వేరండి. బయటి నించి వచ్చినోళ్ళని ఊరోళ్ళనే ఆనవాయితీ మా లంకలో లేదండి" అన్నారు, మర్యాదగానే.

"లేదంట్రా?"

ఆ గొంతు మామ్మది. చుక్కల కోసం మూసుకున్న కళ్ళు తెరిచి, గుంజ పట్టుకుని మెల్లగా లేచింది. "మరి నేనెక్కడిదాన్రా? పెదపాడు నించి దోనెలో తెచ్చి ఈ రేవులో దింపేరు. ఆ నీళ్ళు చూసి జడుసుకుని ఏడ్చాను. నీ పెళ్ళాం ఎక్కడిదిరా? గుండుగొలందా కాదా? పంతులమ్మగారు ఏలూరు నించి రాలేదూ? ఏవే, ఇక్కడున్న ఆడాళ్ళలో ఈ లంకలో పుట్టినోళ్ళు చెయ్యెత్తండే!"

ఒక్క చెయ్యి లేవలేదు. ఒకరినొకరు చూసుకుంటున్నారు, ఆ సంగతి అప్పుడే కొత్తగా తెలిసినట్టు. నాలాంటి పిల్లలం మాత్రం చేతులెత్తాం. "మీరూ రేపు పోయేవోళ్ళేలే, దింపండి" అంది మామ్మ. తరువాత, కథలో కమ్మరి ఎత్తినట్టే, తన కుడిచెయ్యి ఎత్తింది. "ఆ అమ్మనెవరూ అడగలేదంట. నన్నూ ఎవరూ అడగలేదు. ఇయ్యాళ అడుగుతున్నారు గాబట్టి చెప్తన్నా. ఈ పిల్లాడు నాకు తెలుసు. కిందటేడు నువ్వు ఏలూరు పోయినప్పుడు నీళ్ళింట్లోకొస్తే, నన్ను వీపునేసుకుని ఈ అరుగు మీద దింపిందీడే. తన పాక పోతా ఉంటే నాకోసం వచ్చాడ్రా."

మునసబుగారు తల్లి వంకా, చాపల బాబాయి వంకా మార్చి మార్చి చూశారు. ఆ సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదనుకుంటాను. "ఇంకొక సాక్షి కావాలి" అన్నారు దొరసానిగారు. అప్పుడు నా వెనక దగ్గు వినిపించింది. తిరిగి చూద్దును కదా, మా నాన్నగారు! చెయ్యెత్తి ఉన్నారు. మునసబుగారు తనవైపు చూసినా దించలేదు. మా నాన్న ఎంత పొడుగో నాకు ఆ రోజే తెలిసింది.

మామ్మ ఇక ఎవరి కోసమూ ఆగలేదు. ఇంటికెళ్ళి గంప తీసుకుని నేరుగా రేవులోకే దిగింది. తడి ఒండ్రు చేతులతో తోడి గంప నింపింది. నింపింది గాని ఎత్తలేకపోయింది. కోడలు సాయం పట్టబోతే విదిలించేసింది. ఎలాగో చంకకెత్తుకుని, బురద చీరంతా కారుతుండగా, మెరకెక్కడం మొదలుపెట్టింది. మేమందరం వెనకే నడిచాం. మట్టి ఇంటిది. ఆ గంప పడిందంటే మునసబుగారి ఇంటి గంప పడినట్టే. అది ఊళ్ళో అందరికీ తెలుసు, అందరికన్నా బాగా మునసబుగారికి తెలుసు.

సగం మెరకలో ఆవిడ కాలు జారింది. గంప ఒరిగింది. అంతే, మునసబుగారు జనాన్ని తోసుకుని పెద్ద పెద్ద అంగలతో వచ్చారు. ఆపేస్తారనుకున్నాం. నా జతగత్తె నా చెయ్యి గోళ్ళు దిగేలా పట్టుకుంది. ఆయన వచ్చి, వంగి, గంప రెండో పక్క పట్టుకున్నారు. "నడువమ్మా" అన్నారు, నేల చూస్తూ. తల్లీ కొడుకూ కలిసి ఆ మట్టి తెచ్చి మెరక మీద ఖాళీ చోట బోర్లించారు.

ఇక చూడాలి! మగవాళ్ళు పంచెలు ఎగ్గట్టారు, ఆడవాళ్ళు పిల్లల్ని దింపి కొంగులు బిగించారు. గంప, తట్ట, బుట్ట, ఏది దొరికితే అది. మా ఇంటి గంప నేనే మోశాను, బంట్రోతు వేషంలోనే. మా నాన్నగారి కండువా మళ్ళీ తెల్లబడలేదు. మందులు తీసుకోవడం ఎవరికీ గుర్తు లేదు. దిబ్బ మోకాలెత్తు లేచాక చాపల బాబాయి దాని మీద నిలబడి, తనే చెంబు అడిగి తీసుకుని, కొల్లేటి నీళ్ళు దోసిట్లో పోసుకున్నాడు. "ఈ లంక మునిగితే నేనూ మునుగుతానండి, తేలితే నేనూ తేలతానండి" అన్నాడు. దోసిట్లో నీళ్ళు ఆ దిబ్బ మీద వదిలాడు. వాళ్ళావిడని కూడా అడగమని మామ్మ పట్టుబట్టింది. ఆవిడ సిగ్గుపడుతూనే ముందుకు వచ్చి, "నాకూ ఇష్టమేనండి" అంది.

సాయంత్రం పడవ ఆ మూటలు లేకుండానే వెళ్ళింది. ఎక్కబోతున్న దొరసానిగారిని నేను, ఇదంతా ఇలా అవుతుందని తెలిసే ఆట పెట్టారా అని అడిగాను. "మా నాన్న కథ చెప్పానంతే" అని నా తలపాగా సరిచేసి నవ్వారు. తెలిసే పెట్టారని ఇప్పటికీ నా నమ్మకం. ముందెప్పుడూ ఆవిడ మందులపెట్టె మూసి కథ చెప్పగా నేను చూడలేదు.

మామ్మ అన్నట్టే నేనూ పోయేదాన్నే అయ్యాను. తణుకు కోడలిగా వచ్చిన రోజు కొత్త గడప లోపల ముద్దలా నిలబడ్డాను. నన్నూ ఎవరూ ఏమీ అడగలేదు. పెళ్ళిమూట విప్పితే చీరల మధ్య చిన్న తుంగబుట్ట కనిపించింది, నిండా కొల్లేటి ఒండ్రుమట్టి. నా జతగత్తె ఎప్పుడు పెట్టిందో తెలియదు. ఆ మట్టి పెరట్లో పోసి, దాని మీద నిలబడి కాసేపు ఏడ్చాను, ఇక ఇది నా ఊరు అనుకున్నాను.

అప్పటినుంచి మా వీధిలోకి ఎవరు కొత్తగా దిగినా నేను ఒక బుట్టలో మా పెరటి మట్టి పట్టుకుని వెళతాను. ఏ ఊరి వాళ్ళు, ఏ భాష వాళ్ళు అన్నది అడగను. ఈ మధ్య మా ఎదురింట్లో దిగిన ఒరియా అమ్మాయి బుట్ట చూసి, ఇదెందుకండీ అని సైగ చేసింది. మొక్క వేసుకోమ్మా అన్నాను. అంతకన్నా చెప్పడం నాకు చేతకాదు. కానీ గుమ్మంలో నిలబడ్డ ఆ పిల్లని పేరడిగి తెలుసుకుని, గేటు దాటాక, ఎవరూ చూడకుండా కుడిచెయ్యి ఎత్తి, లోలోపల ఆ పేరు మూడుసార్లు పిలిచాను.